తేలినీలాపురం నుంచి బారువ దాకా: పక్షుల కేంద్రానికి వెళ్లాలా, వద్దా?

శ్రీకాకుళం వచ్చిన చుట్టాలకి అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం చూపించేశాక, పిల్లలున్న ఇంట్లో తప్పకుండా వచ్చే మాట ‘తేలినీలాపురం తీసుకెళ్దామా?’ అని. టెక్కలి దగ్గర, ఊళ్లో చెట్ల మీదే గూడబాతులూ కొంగలూ గూళ్లు కట్టుకునే ఊరు అది. వెళ్లొచ్చినవాళ్లు రెండు రకాలుగా చెప్తారు. ‘ఏముందక్కడ, ఒక హాలు, నాలుగు బొమ్మలు, చెట్ల మీద కొంగలు, ముక్కు పగిలే కంపు’ అనేవాళ్లు కొందరు. ‘అక్కణ్నుంచి కదల్లేకపోయాం’ అనేవాళ్లు కొందరు. ఇద్దరూ వెళ్లింది ఒకే ఊరికి. తేడా అంతా వెళ్లిన నెలలో ఉంది, దిగిన వేళలో ఉంది, నిలబడ్డ చోటులో ఉంది.

అమెరికాలో కొడుకో కూతురో ఉన్నవాళ్లు ఇంకో పోలిక తెస్తారు. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్లు 1998లో తెరిచిన యానిమల్ కింగ్‌డమ్‌లో జంతు సంరక్షణ గురించి చెప్పడానికే ఒక విభాగం పెట్టారు. దాని దగ్గరికి చిన్న రైలెక్కి పోవాలి. అద్దం వెనక వైద్యులు ఏ జంతువుకో పరీక్షలు చేస్తుంటే ఇవతల నిలబడి చూడొచ్చు. అది కూడా పొద్దుటి పూట పోయినవాళ్లకే. ఆలస్యంగా పోయినవాళ్లు ఖాళీ బల్లని చూసి ‘దీనికా ఇంత దూరం’ అంటూ తిరిగొచ్చేస్తారు. తేలినీలాపురంలో అద్దం లేదు, రైలూ లేదు. పొద్దుటి సూత్రం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ముందు నెలల లెక్క. తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్కులు) వానలు తగ్గుముఖం పట్టాక వచ్చి, అక్టోబరు నుంచి మార్చి దాకా నిండుగా ఉంటాయి, ఏప్రిల్లో పలచబడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు జూన్‌లో తొలకరితో దిగి నవంబరు ప్రాంతంలో వెళ్లిపోతాయి. సోంపేట అవతల బారువ తీరంలో సముద్రపు తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, పిల్లలు ఫిబ్రవరి ఆఖర్నుంచి ఏప్రిల్ దాకా బయటికొస్తాయి. అన్నీ ఒకే ప్రయాణంలో చూడాలంటే కుదరదు. గూటిలో పిల్లలూ తీరంలో తాబేలు పిల్లలూ రెండూ దొరికేది ఫిబ్రవరి ఆఖరు వారం, మార్చి మొదటి రెండు వారాలు. కింద రాసిన మూడు రోజుల ప్రయాణం లెక్క ఆ రోజులకి కట్టింది.

మొదటి రోజు: శ్రీకాకుళం, టెక్కలి, నౌపడ

తొందరేం లేదు, భోంచేసి బయల్దేరినా చాలు. పొద్దున తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి పదకొండింటికి తేలినీలాపురంలో దిగడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఆ వేళకి పెద్ద పక్షుల్లో చాలావరకు మేతకి పోయుంటాయి. మిగిలినవి ఎండకి రెక్కలు విప్పి పిల్లలకి నీడ పట్టి, బొమ్మల్లా కదలకుండా నిలబడతాయి. చూసేవాళ్లకీ నెత్తి మాడుతుంది. ‘ఏముందక్కడ’ అనే మాట పుట్టేది ఆ వేళలోనే.

శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి టెక్కలికి బస్సులు వస్తూనే ఉంటాయి. హైవే మీద నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా గంటన్నర లోపు ప్రయాణం. రైల్లో వచ్చేవాళ్లకి పలాస వైపు పోయే పాసింజరు నౌపడలో ఆగుతుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఊళ్లో కాదు, ఆమదాలవలసలో. అది తెలీక రైలు తప్పినవాళ్లు ఏటా ఉంటారు. రాత్రి బస టెక్కలిలో పెట్టుకోండి. తేలినీలాపురంలో గదులు వెతుక్కోవడం దండగ. ఆటో మాట్లాడేటప్పుడు ‘తేలినీలాపురం ఎంత’ అని అడక్కండి. ‘నౌపడ మీదుగా తేలినీలాపురం, అక్కడ రెండు గంటలు ఆగాలి, చీకటి పడ్డాక టెక్కలిలో దింపాలి’ అని మొత్తం ఒకేసారి తేల్చుకోండి. దింపేసి వెళ్లిపోయిన ఆటో కోసం ఆరున్నర దాటాక ఆ రోడ్డు మీద నిలబడితే ఇంకోటి రావడం కష్టం.

మూడున్నరకి నౌపడ ఉప్పు మడుల దగ్గర ఆగండి. పక్షులు చూద్దామని వచ్చి దీన్ని దాటిపోయేవాళ్లే అందరూ. ఉప్పునీరు ముందు పెద్ద చెరువుల్లాంటి మడుల్లోకి వస్తుంది, అక్కడ ఎండకి చిక్కబడి ఒక్కో మడీ దాటుకుంటూ ఆఖరికి చిన్న మడుల్లో ఉప్పు కడుతుంది. తెల్లగా ఉప్పు పేరిన మడి ఫొటోకి బాగుంటుంది గాని అందులో పిట్టకి తిండి ఉండదు. చేపపిల్లలూ పురుగులూ బతికేది ఉప్పు తక్కువున్న మొదటి మడుల్లో. అటు చూడండి. గట్టు మీద నడవాలంటే పని చేస్తున్నవాళ్లని ఒక మాట అడిగి నడవండి. మట్టిగట్టు అంచు విరిగితే ఒక మడి నీళ్లు ఇంకో మడిలో కలిసి వాళ్ల వారం రోజుల ఎండ నీళ్లపాలవుతుంది.

ఆ నీటి అంచున బురదలో కుట్టుమిషను సూదిలా ముక్కాడిస్తూ పరిగెత్తే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలుంటాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నది లిటిల్ స్టింట్. పిచ్చుకంత ఒళ్లు, సుమారు 25 గ్రాముల బరువు. గుడ్లు పెట్టేది మాత్రం సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ సముద్రం పక్కన, చెట్టనేదే మొలవని నేల మీద. చలికాలానికి అక్కణ్నుంచి ఎగురుకుంటూ మన మడుల దాకా వస్తుంది.

దీన్నే ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. తేలినీలాపురంలో ఎవరినడిగినా, ఏ పేపరు తిప్పినా ‘సైబీరియా పక్షులు’ అంటారు. చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులకీ సైబీరియాకీ ఏ సంబంధమూ లేదు. ముక్కు మీద మచ్చలుండే ఈ రకం గూడబాతు, పెలికాన్ అని బోర్డుల మీద రాసేది, మన దేశంలోనూ చుట్టుపక్కల దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనూ మాత్రమే బతుకుతుంది. ఎర్రకాళ్ల కొంగా అంతే. నెల్లూరు జిల్లా వైపు నేలపట్టులోనూ, కొల్లేరులోనూ ఉన్నవి ఈ జాతివే. ఇవి నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతాయి. నిజంగా సైబీరియా నుంచి వచ్చినది కాళ్ల దగ్గర బురదలో పరిగెడుతుంటే, పేరు మాత్రం చెట్టు మీద బరువైనవాడికి పోయింది. పిల్లలకి మొదటి రోజు ఈ ఒక్క సంగతి తెలిసినా బస్సు ఖర్చు గిట్టినట్టే.

నాలుగున్నరకి తేలినీలాపురం. ఈ సాయంత్రం కేంద్రం లోపలికి వెళ్లకండి. చెట్లకి కాస్త ఎడంగా, పడమటి ఎండ వీపున పడేట్టు నిలబడండి. మేతకి పోయినవి తిరిగొచ్చే వేళ ఇది. గూడబాతులు వరసలో వస్తాయి. ముందున్నది రెక్కలాడించడం ఆపితే వెనకవి ఒక్కొక్కటే ఆపుతూ జారుకుంటూ వస్తాయి. రెక్కలు చాస్తే రెండు మీటర్ల పైన, బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. అంత బరువు చింతకొమ్మ చివర వాలుతుంటే కొమ్మ కిందికి దిగి, పైకి లేచి, మళ్లీ దిగుతుంది. ఈలోగా పక్క గూటి పక్షి ముక్కు చాచి బెదిరిస్తుంది. రెండుసార్లు గురి తప్పి, చుట్టూ తిరిగొచ్చి మూడోసారి వాలినవి కూడా కనపడతాయి.

చెట్ల కింద మాత్రం నిలబడకండి. గొడుగుంటే తెచ్చుకోండి, ఎండ లేకపోయినా సరే. ఎందుకో మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది.

రెండో రోజు: తేలినీలాపురం, తర్వాత ఉద్దానం మీదుగా పలాస

ఐదుంపావుకి టెక్కలిలో టీ తాగి, ఆరింటికల్లా ఊళ్లో ఉండాలి. ప్రయాణం మొత్తంలో వదులుకోకూడనివి ఈ మూడు గంటలే. ఊరి మధ్య, ఇళ్ల పక్కన, పశువుల శాలల వెనక చెట్ల మీదే గూళ్లు. మనుషుల మధ్యకి ఎందుకొస్తాయంటే, మనుషులు తిరిగే చోట గద్దలూ కోతులూ కాస్త వెనకాడతాయి. ఊరివాళ్లు వీటి జోలికి పోరు, పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. ఆ నమ్మకమే కంచె. ‘ఏటి బాబూ, పొద్దున్నే పచ్చుల కోసరమే?’ అని అడిగే పెద్దాయనతో రెండు నిమిషాలు మాట్లాడండి. ఏ చెట్టు మీద పిల్లలు చిన్నవో, ఏ చెట్టు మీద ఎగరబోతున్నాయో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కాకపోతే ఇవి మనుషుల పెరళ్లు. అడక్కుండా దూరి ఇంటివాళ్ల ముఖాల మీద కెమెరా పెట్టడం మర్యాద కాదు.

బైనాక్యులర్ లేకుండా రాకండి. మీద 8×42 అని రాసున్నది చాలు. పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు అని అమ్మేవి చేతిలో వణికి ఏమీ చూడనివ్వవు. కొత్తవాళ్లు ‘మసగ్గా ఉంది’ అనడానికి కారణం దాన్ని కళ్లకి కుదుర్చుకోకపోవడమే. ముందు రెండు గొట్టాలనీ దగ్గరికో దూరానికో వంచి, రెండు వలయాలు కలిసి ఒకే వలయం అయ్యేట్టు చూడాలి. తర్వాత కుడికన్ను మూసి మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి ఒక కొమ్మని స్పష్టం చేసుకోవాలి. అప్పుడు ఎడమకన్ను మూసి, కుడి కంటి దగ్గరుండే రింగు తిప్పి అదే కొమ్మని స్పష్టం చేసుకోవాలి. ఇక రింగు జోలికి పోకుండా చక్రం ఒక్కటే తిప్పుకుంటూ పోవచ్చు. కళ్లజోడు ఉన్నవాళ్లు రబ్బరు కప్పులు లోపలికి మడుచుకోవాలి. పిల్లలకి ఇచ్చేముందు తాడు మెళ్లో వేయండి.

ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటే గూడు ఎంచుకోండి. నలభై నిమిషాలు ఆ గూడు తప్ప ఇంకోటి చూడకూడదు. కాగితం మీద నాలుగు సంగతులు రాయించండి: పిల్లలెన్ని, పెద్ద పక్షి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎన్నిసార్లు మేత పెట్టింది. మొదటి పావుగంట ఏమీ జరగదు. పిల్లలు విసుక్కుంటారు, ఇంకో చెట్టు దగ్గరికి పోదామంటారు. పోనివ్వకండి. మారిన కొద్దీ ఏదీ కనపడదు.

గూడబాతు వచ్చి వాలగానే పిల్లలు మెడలు సాచి ఒకటే గోల. పెద్దది వెంటనే ఏమీ ఇవ్వదు, ఒళ్లు సర్దుకుంటుంది. తర్వాత ముక్కు తెరిచి కిందికి వంచుతుంది. పిల్ల తన ముక్కూ తలా మెడా ఆ సంచిలోకి దూర్చేసి, లోపల గొంతులోంచి చేప లాక్కుంటుంది. పిల్ల భుజాల దాకా లోపలుంటుంది, రెక్కలు బయట కొట్టుకుంటుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకి తల్లి పిల్లని మింగేస్తోందనే అనిపిస్తుంది. బయటికి లాక్కున్నాక ఆ పిల్ల కాసేపు మత్తెక్కినట్టు కూర్చుంటుంది, పక్కది ముందుకు తోసుకొస్తుంది.

ఎర్రకాళ్ల కొంగది వేరే పద్ధతి. అది చేపల్ని గూటిలోనే కక్కేస్తుంది, పిల్లలు ఏరుకుంటాయి. కాబట్టి జారినవి కింద పడతాయి, కుళ్తాయి. జనం చెప్పే కంపులో సగం రెట్టది కాదు, ఈ చేపలది. పెద్ద కొంగల కాళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా కనపడితే జబ్బనుకోకండి. ఎండకి అవి తమ కాళ్ల మీదే విసర్జించుకుంటాయి, ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. మనం తువ్వాలు తడిపి మెడ మీద వేసుకోవడం లాంటిదే, కాస్త మోటుగా. వీపు చివర గులాబీ ఈకలు, ముఖం నారింజ రంగు, రొమ్ము మీద నల్ల పట్టీ ఉంటే పెద్దది. ఇవేవీ లేకుండా మట్టిరంగులో ఉన్నది ఈ ఏటి పిల్ల.

గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు మూడు నెలలకి పైగా గూటి దగ్గరే మేత కోసం ఎదురుచూస్తాయి. అందుకే ఒకే చెట్టు మీద రోమాల్లేని పిల్ల, తెల్లటి నూగు పిల్ల, ఎగరడానికి రెక్కలు కొట్టుకునే పిల్ల మూడూ కనిపిస్తాయి. కింద పడ్డ పిల్ల కనిపిస్తే మీరు ముట్టుకోకండి, చెట్టెక్కి పెట్టే సాహసం అసలే వద్దు. మనిషి చెట్టెక్కితే బెదిరి మిగిలిన గూళ్లలోంచి ఇంకో నాలుగు పడతాయి. కేంద్రంలో వాచరుకి చెప్పండి.

తొమ్మిదిన్నర దాటాక కేంద్రం లోపలికి వెళ్లండి. అటవీ శాఖ కట్టిన ఈ కేంద్రంలో పక్షుల నమూనాలు, బొమ్మలు, వివరాల పలకలు ఉంటాయి, చూడ్డానికి ఎత్తైన టవరు కూడా ఉంది. నిజం చెప్పాలంటే, హాలు ఒక్కటే చూస్తే ఇరవై నిమిషాల పని. నేరుగా దీంట్లోకే వచ్చినవాళ్లు ‘నాలుగు బొమ్మలు’ అనడంలో తప్పేం లేదు. మూడు గంటలు గూడు చూసి వచ్చినవాళ్ల సంగతి వేరు. చెట్టు మీద అంత ఎత్తున చిన్నగా కనపడ్డ ముక్కు నమూనాలో ఎంత పొడుగో చూసి పిల్లలు అరుస్తారు. మచ్చలెక్కడ, సంచి ఎక్కడ మొదలవుతుంది అని వాళ్లే వెతుక్కుంటారు. బయట ప్రశ్న పుట్టాక లోపల జవాబు వెతుక్కోవాలి. వరస తిరగేస్తే రెండూ దండగ. టవరు కూడా మొదట ఎక్కేది కాదు. ఏ గూటిని చూడాలో కింద తేల్చుకున్నాక పైకెక్కితే, అదే గూటిలోకి పైనుంచి చూడొచ్చు.

హాల్లో దొరకని పాఠం ఒకటుంది, వాచర్లని అడిగితే చెప్తారు. 2021-22 చలికాలంలో ఇక్కడ గూడబాతులు వరసగా చెట్ల మీంచి రాలి చచ్చిపోయాయి. నాటు తుపాకీ కాదు, విషమూ కాదు, పొట్టలో నులిపురుగులు. తినే చేపల ద్వారా అవి ఎక్కినట్టు పరీక్షల్లో తేలింది. పక్షి చెట్టు మీద భద్రంగా ఉన్నా, మేసే నీళ్లు బాగుండకపోతే ఊరి కాపలా ఏమీ చేయలేదు. అంతకుముందు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలతో పాటు ఇక్కడి చెట్లూ దెబ్బతిన్నాయి. గూడు కట్టే చెట్టు పోతే మొక్క నాటొచ్చు. అంత బరువు మోసే చింతచెట్టు కావాలంటే మాత్రం పదేళ్లు చాలవు.

మేత విషయం అర్థం కావాలంటే తిరుగు దారిలో ఆటోని తంపర గట్టు మీద ఓ ఐదు నిమిషాలు ఆపించండి. తంపర అంటే వానాకాలం నీళ్లు నిలిచి, వేసవికి ఎండే పల్లపు భూమి. బయటివాళ్లకి బీడులా కనపడుతుంది. చేపకి, పశువుకి, గడ్డికి, ఈ పక్షులకి అదే ఆధారం. కాకరాపల్లి తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఊళ్లు చేసిన పోరాటం 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల దాకా పోయింది. గూడు ఇక్కడ, కంచం అక్కడ. కంచం లేని గూడుకి ఏ పక్షీ రెండో ఏడు రాదు.

మధ్యాహ్నం భోజనం టెక్కలిలో చేసి, పలాస బస్సెక్కండి. రాత్రి బస కాశీబుగ్గలో. జీడిపప్పు కొనేది ఇక్కడే, బద్దకీ గుండుకీ ధరలో తేడా చాలా ఉంటుంది, చూసుకుని కొనండి. ఓపికుంటే మందస వెళ్లి వాసుదేవాలయం చూసి, కోవా తిని రావచ్చు. లేకపోతే పడుకోండి, తెల్లవారుజామున మూడింటికి లేవాలి. గదికి చేరగానే అటవీ శాఖ కాశీబుగ్గ రేంజ్ వాళ్లని వాకబు చేసి ఒక్కటే అడగండి: ఈ ఏడు తాబేలు గుడ్ల హేచరీ ఏ ఊరి దగ్గర ఉంది, రేపు పిల్లల్ని వదులుతారా? ఒడ్డు కోతని బట్టి చోటు మారుతుంటుంది కాబట్టి పోయినేడాది చూసొచ్చినవాళ్ల మాట మీద వెళ్లకండి.

మూడో రోజు: బారువ తీరం, తర్వాత ఇచ్ఛాపురం దారి

నాలుగింటికి బయల్దేరితే సోంపేట మీదుగా వెలుగు రాకముందే బారువ చేరొచ్చు. బండి మాట్లాడుకునే వెళ్లండి, తోటల్లోంచి అడ్డదారిన నడిచి పోదామనుకోకండి. ఉద్దానంలో జీడి తోటలు, పనసలు ఉన్నచోట ఎలుగుబంట్లు తిరుగుతాయి. అవి ఎక్కువగా మనుషుల కంటపడేది తెల్లవారుజామున, మునిమాపున. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసిందీ ఇలాంటి తోటల్లోనే. ఊరివాళ్లు చీకట్లో తోటకి పోతే గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ పోతారు. పిల్లలతో వచ్చినవాళ్లు అసలు పోకపోవడమే మేలు.

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు బారువ. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కొక్కటిగా ఎక్కి గుడ్లు పెడతాయి. ఉత్తరాన ఒడిశాలో రుషికుల్య దగ్గర వేలకి వేలు ఒకేసారి ఎక్కేలాంటిది ఇక్కడ ఉండదు. ఆ వీడియో చూపించి పిల్లల్ని తీసుకొస్తే నిరాశ పడతారు. శ్రీకూర్మం గుళ్లో చూసిన నక్షత్ర తాబేళ్లు నేల మీద బతికేవి, కాళ్లు మొద్దుగా ఉంటాయి. ఈ సముద్రపు తాబేళ్లకి కాళ్లుండవు, తెడ్లే. ఆ తేడా ముందే చెప్తే మంచిది.

హేచరీ అంటే మేడ కాదు. ఇసకలో వల చుట్టిన కంచె, లోపల వరసల్లో గుంతలు, ఒక్కో గుంత దగ్గర పుల్లకి కట్టిన చీటీ. దాని మీద గుడ్లు దొరికిన తేదీ, ఎన్ని గుడ్లు, ఎప్పటికి పిల్లలు రావాలి అన్నది రాస్తారు. ఒక తల్లి వంద దాకా, అప్పుడప్పుడు అంతకు మించి పెడుతుంది. సుమారు అడుగున్నర లోతు, పైన సన్నగా కింద వెడల్పుగా, కూజాలాంటి గుంత. తీరం కుర్రాళ్లు రాత్రంతా ఒడ్డు వెంట నడిచి, తల్లి ఈడ్చుకున్న జాడ పట్టుకుని గుడ్లు తెస్తారు. కుక్కలూ నక్కలూ ముందు చేరితే మిగిలేది పెంకులే. తెచ్చేటప్పుడు ఒక్కటే భయం, గుడ్డు పైది కిందకి తిరగకూడదు. పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగాన అతుక్కుంటుంది. ఆ తర్వాత తిరగేస్తే చచ్చిపోతుంది. అందుకే రాత్రి దొరికిన గుడ్లని తెల్లారేలోపే పాతేస్తారు. తల్లి తవ్విన లోతే, అదే ఆకారం.

పిల్లలకి బాగా నచ్చే సంగతి ఇంకోటి: ఆడా మగా తేలేది తల్లి కడుపులో కాదు, ఇసకలో. ఇసక వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. హేచరీ మీద నీడకి గోనె, తాటాకు కప్పు కనపడితే అది వాచరు కూర్చోడానికి అనుకోకండి.

45 నుంచి 60 రోజులకి గుంత మీద ఇసక కాస్త కుంగుతుంది. లోపల పెంకులు పగిలి చోటు ఖాళీ అవుతోందని గుర్తు. ఆ కుంగిన చోట ముందు ఒక ముక్కు, దాని పక్కనే ఒక తెడ్డు కనపడి ఆగిపోతాయి. ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత ఒక్కసారిగా ఇసక ఉడుకుతున్న అన్నంలా కదిలి, అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వస్తాయి. వాటిని లెక్కపెట్టి, బుట్టలో వేసి నీటి దగ్గరికి తీసుకెళ్తారు. అలకి ఐదారు మీటర్ల ముందే ఇసక మీద వదలాలి, నీళ్లలో వేయకూడదు. ఆ నడక వాటికి అవసరం. పెద్దయ్యాక ఆడవి ఇదే తీరానికి రావడంలో ఈ ఇసకకీ పాత్ర ఉందంటారు శాస్త్రవేత్తలు.

ఇక్కడ తప్పులు చేసేది మనమే. టార్చి, ఫోన్ లైటు వేయకూడదు. పిల్లలు వెలుతురున్న వైపుకి నడుస్తాయి, మీ ఫోను వెలిగితే సముద్రాన్ని వదిలి మీ వైపు తిరుగుతాయి. వాటి ముందు నిలబడకూడదు, అడుగు వెనక్కి వేసేటప్పుడు కిందకి చూసి వేయాలి. చేత్తో ఎత్తి సెల్ఫీ దిగడం అసలు పనికిరాదు. ఇది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, పులికున్న రక్షణే దీనికీ ఉంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, చూసేవాళ్ల కోసం ఆపడం. గుంతలోంచి వచ్చిన పిల్ల పొట్టలో సొన మిగిలుంటుంది, మొదటి రోజంతా ఆగకుండా ఈది లోతు నీళ్లకి చేరడానికి దాచుకున్న బలం అది. అతిథులొస్తారని తొట్టెలో గంటల తరబడి ఉంచితే ఆ బలమంతా తొట్టె గోడకి కొట్టుకోవడంలో అయిపోతుంది. తర్వాత వదిలినా ఒడ్డు దగ్గరే చేపలకి మేత. రాత్రి మూడింటికి వస్తే మూడింటికే వదలాలి. కాబట్టి మీరు వెళ్లేసరికి ‘వదిలేశాం సార్’ అన్నారంటే, అది మంచి హేచరీ అని గుర్తు. మీ అదృష్టం బాగోలేదంతే. ‘మీరొచ్చేదాకా ఆపుతాం’ అని ఫోన్లో చెప్పే చోటికి వెళ్లకండి.

ఒడ్డున చచ్చిన పెద్ద తాబేలు కూడా కనపడొచ్చు, రెండడుగుల పైన డిప్పతో. పిల్లల్ని దూరంగా లాక్కుపోకండి, చెప్పండి. తాబేలుకి గాలి కావాలి. మరబోటు వలలో చిక్కితే నీటి అడుగున ఊపిరాడక పోతుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్లు గుడ్లకొచ్చేది జనవరి నుంచి మార్చి. రెండు తేదీలూ పక్కపక్కన పెడితే పదేళ్ల పిల్లకి కూడా చిక్కెక్కడుందో తెలుస్తుంది.

ఏడున్నరకల్లా తీరంలో పనైపోతుంది. వెనక్కి సోంపేట వచ్చేటప్పుడు బీల పక్కనుంచి వెళ్లండి. తంపరలాంటిదే, పేరు వేరు. 2010లో థర్మల్ కేంద్రం వద్దని ఇక్కడా జనం నిలబడ్డారు, ఇక్కడా కాల్పులు జరిగాయి. ఆ ప్రాజెక్టు రాలేదు. నీళ్లు ఇంకా ఉన్నాయి, అందులో బాతులూ ఉన్నాయి.

రైలుకి టైముంటే తేలుకుంచి చూసేద్దామా అని అడుగుతారు. మార్చిలో వద్దు. అక్కడ హాలు లేదు, టవరు లేదు, ఇళ్ల మధ్య చెట్లే. కొంగలు లేనప్పుడు అది మామూలు ఊరు. వానాకాలంలో మాత్రం తేలినీలాపురం కన్నా దగ్గరగా చూడొచ్చు. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెరలా. ఆ సందుతో నత్తని పగలగొడుతుందని చెప్తారు గాని, అది నత్తని చితక్కొట్టదు. ముక్కు కొన లోపలికి దూర్చి, మూతని అంటిపెట్టుకున్న కండ తెంచి, మెత్తటిదాన్ని లాగేస్తుంది. కొత్తగా ఎగిరిన పిల్లలకి ముక్కులో సందు ఉండదు, ఎదిగాకే వస్తుంది. గూటిలో ఏది పిల్లో ఏది పెద్దదో ముక్కు చూసి చెప్పమని పందెం కట్టొచ్చు. వరి మడుల్లో నత్తలు తింటాయి కాబట్టి రైతులకీ ఇష్టమే. జూలై, ఆగస్టుల్లో వాన వెలిసిన సాయంత్రం పూట ఇచ్ఛాపురంలో దిగి ఆటోలో వెళ్లండి. గొడుగు మాత్రం మడిచి సంచిలో పెట్టేయకండి, చెట్ల కిందకి పోయాక అది వానకి కాదు.